పేద రాష్ట్రానికి డబ్బు ఎలా ఇవ్వాలి? కెనడా పద్ధతా, ఆస్ట్రేలియా పద్ధతా, ఏది మేలు?

అధికారాలు రాష్ట్రాలకు పంచేశాక గొడవంతా డబ్బు దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే అధికారం సమానంగా ఇవ్వొచ్చు గానీ భూమి కింద చమురు అందరికీ ఉండదు కదా.

కెనడా 1957లో సమీకరణ నిధులు, అంటే రాబడి తక్కువున్న ప్రావిన్సులకి (అక్కడి రాష్ట్రాలకి) కేంద్రం ఇచ్చే డబ్బు, మొదలుపెట్టి, 1982లో ఆ సూత్రాన్ని రాజ్యాంగంలోనే పెట్టేసింది. లెక్క తేలికే. అందరూ సగటు రేట్లతో పన్ను వేస్తే ఈ ప్రావిన్స్‌కి మనిషికి ఎంత వస్తుందో చూస్తారు, అది ప్రావిన్సుల సగటు కంటే తక్కువైతే కేంద్రం ఇస్తుంది. చమురున్న ఆల్బర్టాకి 1960ల నుంచి ఇందులో ఏమీ రాలేదు, ఆ కడుపుమంటతో 2021 రెఫరెండంలో దాదాపు 62 శాతం మంది దాన్ని రాజ్యాంగం నుంచి తీసేయమని ఓటేశారు. రాజ్యాంగం మారలేదు లెండి. అసలు ఆల్బర్టా ప్రభుత్వం తన ఖజానాలోంచి ఎవరికీ ఇచ్చేదేం లేదు, అది అందరూ కట్టే ఫెడరల్ పన్నుల డబ్బు.

నాకు కనిపించే లోపం వేరే. కెనడా రాబడినే చూస్తుంది, ఖర్చు చూడదు.

ఆస్ట్రేలియా రెండూ చూస్తుంది. అక్కడ కేంద్రం వసూలు చేసిన జీఎస్టీని రాష్ట్రాలకు పంచుతుంది, 1933లో పెట్టిన గ్రాంట్స్ కమిషనే ఇప్పుడు ఆ వాటాలు లెక్కగట్టేది. ఎడారి మధ్యలో మూడొందల మంది ఉండే ఊళ్లో క్లినిక్ నడపాలంటే నర్సుకి ఉండటానికి ఇల్లు కట్టివ్వాలి, జెనరేటర్‌కి డీజిల్ తోలాలి, ప్రాణం మీదకొస్తే విమానం పంపాలి. సిడ్నీలో ఇవేవీ అక్కర్లేదు. ఈ దూరాన్నీ, ఆదివాసీ జనాభానీ లెక్కలోకి తీసుకుంటారు కాబట్టే నార్తర్న్ టెరిటరీకి జనాభా ప్రకారం రావాల్సిన దానికి ఎన్నో రెట్లు వస్తుంది. అక్కడా ఏడ్చేవాళ్లున్నారు: ఇనుప ఖనిజం బాగా అమ్ముకున్న వెస్టర్న్ ఆస్ట్రేలియా వాటా 2015-16లో తలసరి సగటులో 30 శాతానికి పడిపోయి, పెద్ద రభస జరిగి, 2018లో చట్టం మార్చి వాటాకి కనీస పరిమితి పెట్టాల్సొచ్చింది.

నన్నడిగితే ఆస్ట్రేలియా లెక్కే న్యాయం. కానీ ఒక మెలిక ఉంది. ఆ డబ్బుకి షరతుల్లేవు. మారుమూల ఆదివాసీల పేరు చెప్పి లెక్కలో వచ్చిన డాలర్‌ని రాజధానిలో రోడ్డుకి ఖర్చుపెట్టినా అడిగే హక్కు ఎవరికీ లేదు, అలాగని షరతులు పెడితే రాష్ట్రాల స్వేచ్ఛ మీద దెబ్బ. అందుకే షరతు వద్దు, ఏ పేరు మీద ఎంత వచ్చిందో, అందులో అక్కడికి ఎంత చేరిందో ఏటా ఆ రాష్ట్రమే పక్కపక్కన ప్రింట్ చేసి పెడితే చాలంటాను, మిగతాది అక్కడి ఓటర్లే చూసుకుంటారు.