బ్రౌజర్ మొరాయిస్తే వెంటనే ఫార్మాట్ అనని షాపు – బాలాజీ కాలనీ, తిరుపతి

తిరుపతిలో కంప్యూటర్ బాగుచేసే షాపులకు కొదవలేదు. కానీ క్రోమ్ ఇన్‌స్టాల్ కావట్లేదనో, అప్‌డేట్ దగ్గర ఎర్రర్ వస్తోందనో, ఫైలు సగం దిగి ఆగిపోతోందనో చెప్పి చూడండి. చాలాచోట్ల స్క్రీన్ వైపు ఒక్కసారి చూసి "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి, సాయంత్రం రండి" అంటారు, అంటే ఉన్నదంతా చెరిపేసి విండోస్ కొత్తగా ఎక్కించడం. ఆరేడు వందలు తీసుకుంటారు. బుక్‌మార్కులు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీదున్న కస్టమర్ల ఫైళ్లు అన్నీ పోతాయి, అసలు రోగం ఏంటో మాత్రం తెలీదు. అందుకే బాలాజీ కాలనీలో, యూనివర్సిటీ పిల్లలు ఎక్కువగా తిరిగే ఒక సందులో ఉన్న చిన్న షాపు గురించి రాస్తున్నాను. బోర్డు మీద పేరంటూ లేదు, "కంప్యూటర్ సర్వీస్, టోనర్ రీఫిల్" అని మాత్రం ఉంటుంది. కింద టీ కొట్టు, పక్కనే మెట్లు, పైకెక్కితే మొదటి గది.

నాకు కొర్లగుంటలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్, యూనివర్సిటీ పరీక్ష ఫీజులు, హాల్ టికెట్లు, పాన్ కార్డు అప్లికేషన్లు, అన్నీ బ్రౌజర్ మీదే నడవాలి. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పొద్దున అయితే వీధిలోవాళ్లంతా ఫోన్లు పట్టుకుని మా కౌంటర్ దగ్గరే ఉంటారు. సరిగ్గా అప్పుడు బ్రౌజర్ తెరుచుకోకపోతే ఎంత టెన్షనో ఇలాంటి సెంటర్ నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొదటిసారి తీసుకెళ్లింది మా కౌంటర్ మీదున్న డెస్క్‌టాప్, విండోస్ 10ది. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, ఏ సైటూ తెరుచుకునేది కాదు, "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అనో, "మీ గడియారం వెనకబడి ఉంది" అనో వచ్చేది. వేరే చోట చూపిస్తే క్రోమ్ తీసేసి మళ్లీ వేయాలన్నారు, వేద్దామంటే డౌన్‌లోడ్ పేజీ కూడా తెరుచుకోదు, ఇంకేముంది, ఫార్మాటే అన్నారు. ఇక్కడున్న అబ్బాయి కీబోర్డు ముట్టుకోకముందే స్క్రీన్ కింద కుడి మూల చూపించి, "అక్కా, ముందు తేదీ చూడండి" అన్నాడు. ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ ఉంది అక్కడ. ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని అందులో రాసి ఉంటుంది, మన సిస్టమ్ పాత సంవత్సరంలో ఉంటే బ్రౌజర్ లెక్క ప్రకారం ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే తలుపు తీయదు అని చెప్పాడు. క్రోమ్ తీసి ఫైర్‌ఫాక్స్ వేసినా ఇదే గొడవ ఉంటుందట, ఎందుకంటే తప్పు బ్రౌజర్‌ది కాదు.

క్యాబినెట్ పక్క రేకు విప్పి, మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీని సన్న స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపాడు. దాన్ని సీమాస్ బ్యాటరీ అంటారు, మీద సీఆర్ 2032 అని ఉంటుంది. కొత్తదైతే 3 వోల్టులు చూపించాలి. మల్టీమీటర్ పెట్టి నా వైపు తిప్పాడు, 2 వోల్టులు కూడా లేదు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఆ బిళ్లే. కొత్తది వేశాడు, తేదీ, టైమ్ సరిచేశాడు, ప్లగ్ పీకి కొంచెంసేపు ఆగి మళ్లీ పెట్టాడు, టైమ్ కరెక్టుగా నిలిచింది. తర్వాత సైటు తెరిచి చూపించాడు. వందల రూపాయల ఫార్మాట్ అన్న చోట బ్యాటరీ డబ్బులు, చూసినందుకు కొంచెం, అంతే.

అయితే పని అక్కడితో అవలేదు, ఈ షాపు మీద నాకు గురి కుదిరింది కూడా ఆ తర్వాతే. వచ్చినవాళ్లను పంపేయొచ్చు కదా, పంపకుండా క్రోమ్‌లో "క్రోమ్ గురించి" అనే పేజీ తెరిచాడు. అప్‌డేట్ కోసం చూడటమే మొదలవలేదు, ఎర్రర్ కోడ్ 3 అని ఎర్రగా వచ్చింది. "స్పీడ్ పెంచే సాఫ్ట్‌వేర్ ఏమైనా వేశారా అక్కా?" అని అడిగాడు. మా దగ్గర ముందు పనిచేసిన పిల్లవాడు వేసింది ఒకటుంది. అలాంటివి అనవసరమని కొన్ని సర్వీసులను, అంటే మనకు కనబడకుండా వెనక నడిచే ప్రోగ్రాములను, ఆపేస్తాయట, వాటిలో గూగుల్ అప్‌డేట్ పేరుతో ఉన్నవి కూడా ఉన్నాయి. సర్వీసుల లిస్టు తెరిచి, డిసేబుల్ అని ఉన్నవాటిని మార్చాడు, ఆ స్పీడ్ సాఫ్ట్‌వేర్ తీసేశాడు. అప్‌డేట్ గీత కదిలింది. అది పూర్తయ్యాక కూడా బ్రౌజర్ మూసి తెరిస్తేనే కొత్త వెర్షన్ పనిలోకి వస్తుందని గట్టిగా చెప్పాడు. మాలాంటి సెంటర్లలో పొద్దున తెరిచిన బ్రౌజర్‌ను ఎవరూ మూయరు, రాత్రి సిస్టమ్ కూడా స్లీప్‌లోనే ఉంటుంది. కుడివైపు పైన మెనూ దగ్గర రంగు వస్తే అప్‌డేట్ కాచుకుని ఉందని అర్థం, ఆకుపచ్చ అయితే రెండు రోజుల లోపుది, నారింజ అయితే నాలుగు రోజులది, ఎరుపు అయితే వారం దాటింది. క్రోమ్ కొత్త వెర్షన్లు కొన్ని వారాలకొకటి వస్తూనే ఉంటాయి, మధ్యలో భద్రతకు సంబంధించినవి వేరే. పక్కవాళ్ల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు కొట్టే మెషీన్‌లో అప్‌డేట్ ఆగిపోవడం చిన్న విషయం కాదు. ఆ మాట మొదట నాకు చెప్పింది ఈ అబ్బాయే.

రెండోది విండోస్ 7 డెస్క్‌టాప్. దీంట్లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసినా కొత్తది ఎక్కదు. ఇది రిపేరు చేసే సమస్య కాదని సూటిగా చెప్పాడు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి క్రోమ్‌కు విండోస్ 10 గానీ ఆపై గానీ ఉండాల్సిందే, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా విండోస్ 7లో 109 దగ్గరే ఆగింది. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ అని, ఎక్కువ కాలం సపోర్టు ఇచ్చే రకం ఒకటి ఉంది, విండోస్ 7లో ఎక్కే ఆఖరి ఫైర్‌ఫాక్స్ అదే. విండోస్ 7కే మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2020 జనవరి 14తో ముగిసింది. ఎవరైనా అయితే ఇక్కడే కొత్త సిస్టమ్ అమ్మే మాట ఎత్తుతారు. ఇతను మాత్రం "దీంట్లో ఇంకేం పని చేస్తారు?" అని అడిగాడు. పేజ్‌మేకర్, అను ఫాంట్స్, పెళ్లి కార్డులు, కరపత్రాలు, తెలుగు టైపింగ్ అంతా దాంట్లోనే, పదేళ్ల ఫైళ్లు ఉన్నాయి. "అయితే దీన్ని కదిలించొద్దు అక్కా, నెట్ కేబుల్ పీకేసి టైపింగ్‌కే ఉంచుకోండి, ఆన్‌లైన్ పని ఆ విండోస్ 10 దాంట్లో చేయండి" అన్నాడు. నా నుంచి రూపాయి తీసుకోలేదు. కొత్త విండోస్ వేసుంటే ఆ పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవడానికి నేను ఊరంతా తిరగాల్సి వచ్చేది, ఇలా కార్డులు, కరపత్రాలు కంప్యూటర్‌లో తయారుచేసే డీటీపీవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. విండోస్ 10 గురించి కూడా అప్పుడే చెప్పాడు, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, బ్రౌజర్లు ఇంకా దాంట్లో నడుస్తున్నాయి, అయినా విండోస్ 11కు పోయే ఏర్పాటు ఇప్పటినుంచే చూసుకోమన్నాడు.

మా పక్కింటి అమ్మాయి మహిళా యూనివర్సిటీలో చదువుతోంది, తనది కొత్త ల్యాప్‌టాప్. క్రోమ్ ఫైలు నొక్కితే ఇన్‌స్టాల్ కాకుండా మైక్రోసాఫ్ట్ స్టోర్‌కు పొమ్మంటోంది. వైరస్ అని వాళ్లింట్లో భయపడ్డారు. అది విండోస్ ఎస్ మోడ్, ఆ మోడ్‌లో స్టోర్ నుంచి తప్ప బయటి ప్రోగ్రాములు ఎక్కవు. దాంట్లోంచి బయటికి రావడానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ ఒకసారి వచ్చేస్తే మళ్లీ ఆ మోడ్‌లోకి పోలేం. ఈ సంగతి ముందు ఆ పిల్లకు చెప్పి, "ఇంట్లో అడిగి చెప్పమ్మా" అని ఆగాడు. వాళ్ల నాన్న సరే అన్నాకే మార్చాడు. ఇలా ఆగి అడిగే షాపును నేను ఎక్కువ చూడలేదు.

డౌన్‌లోడ్ల విషయంలో ఇతని దగ్గర నేర్చుకున్నది మా సెంటర్లో రోజూ పనికొస్తోంది. పిల్లలు పెన్‌డ్రైవ్‌లో హాల్ టికెట్ తెస్తారు, నొక్కితే తెరుచుకోదు. చూస్తే ఫైలు పేరు చివర సీఆర్‌డౌన్‌లోడ్ అని ఉంటుంది. క్రోమ్‌లో పూర్తిగా దిగని ఫైలుకు ఉండే తోక అది, ఫైర్‌ఫాక్స్‌లో అయితే పార్ట్ అని ఉంటుంది. కొంతమంది పేరు మార్చి పీడీఎఫ్ అని పెట్టుకొస్తారు, అయినా లోపల ఉన్నది సగమే కదా. మళ్లీ దించుకోవాల్సిందే. బ్రౌజర్ ఇన్‌స్టాలర్‌దీ దగ్గర దగ్గర ఇదే కథ. గూగుల్ మామూలుగా ఇచ్చే క్రోమ్ ఫైలు చిన్నది, అది నొక్కాక అసలు సరుకు నెట్ నుంచి అప్పుడు దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. మొత్తం ఒకే ఫైలుగా ఇచ్చే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ వేరే ఉంది, వంద ఎంబీ పైనే ఉంటుంది, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా ఎక్కుతుంది. ఈ షాపులో ఒక పెన్‌డ్రైవ్ నిండా అవే, విండోస్‌లో ఉండే రెండు రకాలకూ విడివిడిగా, 32 బిట్ ఒక ఫోల్డర్, 64 బిట్ ఒక ఫోల్డర్. 32 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైలు నొక్కితే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని వస్తుంది, దాన్ని కూడా ఫార్మాట్ ఖాతాలో వేసేవాళ్లున్నారు.

ఫైలు అసలుదా నకిలీదా చూసే పద్ధతి కూడా చూపించాడు. వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే "డౌన్‌లోడ్ క్రోమ్" లింకులన్నీ గూగుల్‌వి కావు. దించిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ చూడాలి, క్రోమ్‌కు గూగుల్ ఎల్ఎల్‌సీ అని, ఫైర్‌ఫాక్స్‌కు మొజిల్లా కార్పొరేషన్ అని ఉండాలి. ఆ ట్యాబే లేకపోతే ఆ ఫైలు వెంటనే తీసేయమన్నాడు.

నాకు బాగా నచ్చింది ఒకటుంది. క్రోమ్ తీసి మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు, ముందు బుక్‌మార్కులను ఒక ఫైలుగా బయటికి తీసి నా పెన్‌డ్రైవ్‌లో పెట్టాడు. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "బ్రౌజింగ్ డేటా కూడా తొలగించాలా" అని ఒక గడి వస్తుంది, దాంట్లో టిక్ పెట్టకూడదని వేలు పెట్టి చూపించాడు, టిక్ లేకపోతే మన బుక్‌మార్కులు, సేవ్ చేసుకున్నవి ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చినప్పుడు నా చేతికే కీబోర్డు ఇచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. కాగితం మీద రాసివ్వమని ఒక్కసారీ అడగలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి, చెప్పాలి. ఫోన్ ఎత్తడు. పొద్దున ఎప్పుడు తీస్తాడో నమ్మకం లేదు, పదకొండు దాటాక వెళ్లడం మేలు. గది ఇరుకు, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు మెట్ల మీదే, పెద్దవాళ్లకు ఆ మెట్లు కష్టం. బిల్లు ఇవ్వడు, అడిగితే చిన్న కాగితం మీద రాసిస్తాడు, ఆఫీసుల్లో లెక్క చూపించాల్సినవాళ్లకు అది చాలదు. కాలేజీ అడ్మిషన్లప్పుడు ల్యాప్‌టాప్‌లు కుప్పగా ఉంటాయి, మనది మరుసటి రోజుకు పోతుంది. బ్రహ్మోత్సవాలప్పుడు బండి పెట్టుకోవడానికి కూడా చోటుండదు. ప్రింటర్ పనులు కూడా చేస్తాడు కానీ నా లేజర్ ప్రింటర్‌కు పోసిన టోనర్‌తో కాగితాల మీద మరకలు పడ్డాయి, దానికి నేను వేరే చోటికే వెళ్తున్నాను.

బ్రౌజర్, అప్‌డేట్, డౌన్‌లోడ్ గొడవలకు మాత్రం ముందు ఇక్కడికి వెళ్లండి. బ్రౌజర్ పనికి నా దగ్గర 200 నుంచి 250 మధ్య తీసుకున్నాడు, విడిభాగం ఏదైనా వేస్తే దాని ధర వేరు, ఊరికే చూసి చెప్పినందుకు ఏమీ అడగడు. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ఒక్కటే చాలు, మానిటర్ మోయక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తప్పకుండా తీసుకెళ్లండి, అన్ని పిన్నులవీ అతని దగ్గర లేవు. ఎర్రర్ వచ్చినప్పుడే స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, వెళ్లగానే మొదట అడిగేది అదే.