ఏకే-203: నాలుగేళ్ల సిపాయి చేతికి వచ్చిన కొత్త రైఫిల్

ఏకే-47 అన్న పేరు వినని తెలుగువారు బహుశా ఉండరు. ఎదురుకాల్పుల వార్త ఏదైనా సరే, ఘటనా స్థలంలో దొరికిన ఆయుధాల జాబితాతోనే ముగిసే రోజుల్లో పెరిగిన మా తరానికి ఆ పేరు ఊరి పేరంత పరిచయం. ఆ కుటుంబంలోనే ఇటీవలి తరానికి చెందిన ఏకే-203 ఇప్పుడు భారత సైన్యంలో సాధారణ సిపాయి భుజానికెక్కుతోంది. ఉత్తరప్రదేశ్‌లోని అమేథీ జిల్లా కోర్వాలో, భారత్, రష్యాలు కలిసి పెట్టిన ఇండో-రష్యన్ రైఫిల్స్ అనే సంస్థ దీన్ని తయారు చేస్తోంది. 2021 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం మొత్తం 6,01,427 రైఫిళ్లు రావాలి, వాటి ఖరీదు 5,000 కోట్ల రూపాయలకు పైమాటే. ఇంత పెద్ద కొనుగోలుకు డబ్బు కట్టేది మనమే కాబట్టి, ఫోనుకూ బైకుకూ రాసుకునే సమీక్ష దీనికి కూడా రాయడంలో తప్పు లేదనుకుంటాను.

ఒక విషయం ముందే చెప్పడం మర్యాద. నేను పట్టుకుని కాల్చినది ఎన్‌సీసీ క్యాంపుల్లో ఇచ్చిన పాయింట్ 22 రైఫిల్ మాత్రమే, అదీ నేల మీద బోర్లా పడుకుని, పక్కన ఉస్తాద్ కసురుతుండగా. ఏకే-203ని నేను కాల్చలేదు. ప్రభుత్వమూ తయారీదారులూ ప్రకటించిన వివరాలు, ఇంతకుముందు మన సైన్యం వాడిన రైఫిళ్ల చరిత్ర, ఈ మధ్య మారిన నియామక విధానం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడగా ఏర్పడిన అభిప్రాయమిది. తుపాకిని విడిగా తూచి మంచి చెడ్డలు చెప్పడం నాకు సరైన పద్ధతిగా తోచదు. అది ఎవరి చేతికి వెళ్తుంది, ఆ చేతికి దాన్ని అలవాటు చేసుకునే వ్యవధి ఎంత అన్నవి కలిపి చూడాలి.

ఏకే-203 తప్పించబోయేది ఇన్సాస్ రైఫిల్‌ను. 1980లలో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపకల్పన మొదలుపెట్టగా 1990లలో సైన్యంలోకి వచ్చిన ఈ రైఫిల్, అంతకుముందున్న బరువైన ఎస్‌ఎల్‌ఆర్‌తో పోలిస్తే చేతికి తేలికగా, భుజానికి మెత్తగా ఉండేది. 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటా కాబట్టి వెనక్కి తన్నడం తక్కువ, సిపాయి మోయగలిగే తూటాలు ఎక్కువ. నాలుగు వందల మీటర్ల దూరంలో గురికి అది పేలవమైన ఆయుధం కాదు. ఇప్పుడు దాన్ని తిట్టడం ఆనవాయితీ అయిపోయింది కానీ, సొంతంగా ఒక పదాతి రైఫిల్‌ను రూపొందించి లక్షల సంఖ్యలో తయారు చేసుకోవడం ఆ రోజుల్లో చిన్న పని కాదు.

అయితే 1999లో కార్గిల్ కొండల మీద దాని లోపాలు బయటపడ్డాయి. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి, రైఫిళ్లు మధ్యలో మొరాయించాయి. ఒక్కొక్క తూటా, లేదా ఒక్క నొక్కుకు మూడు తూటాలు తప్ప ట్రిగ్గర్ పట్టి ఉంచితే ఆగకుండా కాల్చే ఏర్పాటు అందులో లేదు. తూటాలు పొదుపుగా వాడాలన్న ఆలోచన కాగితం మీద చక్కగానే ఉంటుంది, పది అడుగుల దూరంలో పొదలోంచి మనిషి లేచినప్పుడు మాత్రం పనికి రాదు. కాశ్మీర్‌లో ఉగ్రవాదులతో తలపడే దళాలు ఇన్సాస్ ఉండగా కూడా ఏకే-47నే కోరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. అంటే ఏకే మన సైన్యానికి కొత్త చుట్టం కాదు. చాలాకాలంగా పెరటి దారిన వస్తూ పోతూ ఉన్న చుట్టాన్ని ఇప్పుడు వీధి గుమ్మంలోంచి లోపలికి పిలిచారంతే.

ఇక వస్తువు సంగతి. 7.62 × 39 మిల్లీమీటర్ల తూటా, ముప్పై తూటాల మ్యాగజైన్, ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 3.8 కిలోల బరువు, నిమిషానికి సుమారు 700 తూటాల వేగం. లోపలి యంత్రం మనకు తెలిసిన పాత కలాష్నికోవే. మార్పులన్నీ మనిషి చెయ్యీ భుజమూ కన్నూ తగిలే చోట్ల జరిగాయి. భుజానికి ఆనించే బట్‌ను మడవవచ్చు, పొడవు కూడా సరిచేసుకోవచ్చు. ఆరడుగుల జవానుకూ అయిదున్నర అడుగుల జవానుకూ ఒకే పొడవు బట్ ఇచ్చి సర్దుకోమనే కాలం పోయినట్టే. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మీద బట్ ఆనించినప్పుడు ఈ సదుపాయం విలువ ఇంకా తెలుస్తుంది. పాత ఏకేల పైమూత కదులుతూ ఉండేది కనుక దాని మీద గురి అద్దం బిగిస్తే నిలకడ ఉండేది కాదు. ఇందులో ఆ మూతను గట్టిగా బిగుసుకునేలా చేసి, దాని మీద గురి అద్దం లాంటివి తగిలించే పట్టాలు అమర్చారు.

దూరం దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్తగా చదువుకోవాలి. ఈ రైఫిల్ ఎనిమిది వందల మీటర్ల వరకు పనిచేస్తుందని ప్రచారంలో కనిపిస్తుంది. ఒప్పందం సమయంలో మన రక్షణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ప్రకటన మాత్రం సమర్థమైన దూరం 300 మీటర్లనే చెప్పింది. నేను మంత్రిత్వ శాఖ మాటనే నమ్ముతాను. ఈ పొట్టి తూటా బరువైనది, మొదట్లో గట్టిగా తగులుతుంది కానీ మూడు వందల మీటర్లు దాటాక త్వరగా కిందికి వాలిపోతుంది. ఆపైన గురి చూసి కొట్టడం మంచి షూటర్‌కే సాధ్యం, సగటు సిపాయికి కాదు. కాబట్టి రాజస్థాన్ ఎడారిలోనో లద్దాఖ్ మైదానాల్లోనో చాలా దూరం నుంచి శత్రువును నిలువరించడానికి ఇది తగిన ఆయుధం అనలేం. అడవిలో, ఊరి సందుల్లో, లోయల్లో, గడప దాటి గదిలోకి దూకే సమయంలో దీనికి సాటి రాగలవి తక్కువ. ఇన్సాస్ కంటే దూరం తగ్గింది, దగ్గరలో దెబ్బ పెరిగింది. ఈ బేరం తెలిసే చేశారనుకోవాలి.

ఆ బేరం ఇప్పుడే ఎందుకు నప్పుతుందో అర్థం కావాలంటే అగ్నిపథ్ దగ్గరికి రావాలి. 2022 జూన్ 14న ప్రకటించిన ఈ పథకంలో పదిహేడున్నర ఏళ్లు నిండిన యువకుడు శిక్షణతో కలిపి నాలుగేళ్లే సైన్యంలో ఉంటాడు. నెలకు 30,000 రూపాయలతో మొదలయ్యే జీతంలో 30 శాతం సేవానిధికి పోతుంది, ప్రభుత్వమూ అంతే జమ చేస్తుంది, చివరికి దాదాపు 11.71 లక్షల రూపాయలు చేతికొస్తాయి. పింఛను లేదు. నలుగురిలో ఒకరికే కొనసాగే అవకాశం. ప్రకటన వెలువడిన మూడు రోజులకే సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో ఏం జరిగిందో మనం మరిచిపోలేదు. రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరడాన్ని జీవితకాలపు ఉద్యోగంగా చూసుకునే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి, వారి కోపంలో న్యాయం లేదని నేను అనను. అయితే పథకం మంచిదా కాదా అని తేల్చడం ఈ సమీక్ష పని కాదు. రైఫిల్ విషయంలో దాని పర్యవసానం ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

పాత పద్ధతిలో సిపాయి పదిహేను, పదిహేడేళ్లు ఒకే రకం రైఫిల్‌తో కాపురం చేసేవాడు. దాని అలకలు, మొండితనాలు అతనికి తెలుసు. ఏ మ్యాగజైన్‌ను నమ్మాలో, చలిలో ఎంత నూనె వేయాలో, ఎంత వేస్తే కాల్చినప్పుడు కళ్లలోకి చిమ్ముతుందో అనుభవం మీద నేర్చుకునేవాడు. అంటే ఆయుధంలోని లోటును మనిషి అనుభవం పూడ్చేది. అగ్నిపథ్‌లో చేరిన సిపాయికి, అంటే అగ్నివీర్‌కు, అంత వ్యవధి లేదు. శిక్షణ కాలం మునుపటి కంటే తగ్గింది, సెలవులు పోగా యూనిట్‌లో మిగిలేది మూడేళ్ల పైచిలుకు. అలాగని వాళ్లను సురక్షితమైన చోట్ల కూర్చోబెట్టలేదు. 2025 మే నెలలో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయిన మురళీ నాయక్ అగ్నివీరే, శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. పాత సిపాయి నిలబడే చోటే కొత్త సిపాయి కూడా నిలబడుతున్నాడు కాబట్టి, తక్కువ రోజుల్లో వశమయ్యే, నిర్లక్ష్యాన్ని కొంత ఓర్చుకునే ఆయుధం అతనికి కావాలి.

ఈ లెక్కలో ఏకే-203కి నా మార్కులు ఎక్కువే. విప్పి మళ్లీ బిగించడంలో భాగాలు తక్కువ, పొరపాటుగా అమర్చే అవకాశం తక్కువ. లోపలి భాగాల మధ్య కావాలనే కొంత వదులు ఉంచడం వల్ల ఇసుక, బురద, మసి చేరినా ఆడుతూనే ఉంటుంది. ప్రపంచంలో అర్ధశిక్షితుల చేతుల్లో ఇన్ని దశాబ్దాలు పనిచేసి చూపించిన యంత్రం ఇంకొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ఆ కీర్తిలో ఒక చేదు కూడా ఉంది, మన అడవుల్లో రెండు వైపులా కాలింది ఇదే యంత్రం. అయితే సులువుగా నేర్చుకోగలగడం వేరు, గురి కుదరడం వేరు. గురి రైఫిల్‌తో పాటు పెట్టెలో రాదు. దానికి కావలసింది ఫైరింగ్ రేంజ్‌లో ఖర్చు చేసే తూటాలు. ఆగకుండా కాల్చే సదుపాయం చేతికొచ్చాక, కుర్రవాడు గురి చూడడం మానేసి తూటాలు చల్లే ప్రమాదం ఉంది. ఉస్తాద్‌ల కసురు ఇప్పుడు ఇంకా ఎక్కువ అవసరం.

నచ్చనివి కూడా చెబుతాను. సేఫ్టీ మీట ఏకేలన్నిటిలో లాగే కుడివైపున ఉంది. ఇన్సాస్‌లో అది ఎడమవైపు బొటనవేలికి అందేది. కొత్త దానిలో చూపుడువేలితో కదిపేలా ఒక చిన్న గట్టు పెట్టి ఇబ్బందిని తగ్గించారు కానీ పూర్తిగా పోగొట్టలేదు. చివరి తూటా కాలాక లోపలి బోల్ట్ వెనక్కి నిలబడి మ్యాగజైన్ ఖాళీ అయిందని చెప్పే ఏర్పాటు ఇందులోనూ లేదు. ట్రిగ్గర్ నొక్కితే టక్ మన్నప్పుడే తెలుస్తుంది, అది తెలుసుకోవడానికి మంచి సమయం కాదు. పట్టాలు ఉన్నాయి, సంతోషమే. కానీ వాటి మీద గురి అద్దం, రాత్రి చూపు పరికరం లేకపోతే అవి బట్టలు లేని దండెం లాంటివి. 2025 అక్టోబరులో రాత్రి చూపు పరికరాల కోసం సుమారు 659 కోట్ల ఒప్పందం జరిగింది, అది అమెరికా నుంచి తెచ్చిన సిగ్-716 రైఫిళ్ల కోసం. అంతటి శ్రద్ధ ఈ ఆరు లక్షల రైఫిళ్ల మీదా పెట్టాలి. మనవైపు ఎదురుకాల్పులు చీకట్లోనే ఎక్కువ.

సిగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక చిక్కు. సరిహద్దు దళాల కోసం అమెరికా నుంచి 2019లో 72,400, 2024లో మరో 73,000 సిగ్-716 రైఫిళ్లకు ఆర్డర్ పెట్టారు. అవి వాడేది 7.62 × 51 మిల్లీమీటర్ల పొడవు తూటా. ఏకేది పొట్టి తూటా, ఇంకా మిగిలి ఉన్న ఇన్సాస్‌ది 5.56. పేరులో 7.62 అని ఒకే అంకె ఉన్నా ఒకదాని తూటా మరొకదానిలో పట్టదు. సరఫరా చూసే హవల్దార్ ఒకే కొండకు మూడు రకాల పెట్టెలు ఎక్కించాల్సి రావడం యుద్ధం రోజున తలనొప్పే. ఎక్కువ దూరానికి ఒకటి, తక్కువ దూరానికి ఒకటి అన్న విభజనను నేను తప్పుపట్టను. దాని ఖర్చు కంచరగాడిద వీపు మీదా, మనిషి వీపు మీదా పడుతుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

మన హైదరాబాద్‌కూ ఈ రంగంలో ఒక అభ్యర్థి ఉంది. పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థ కలిసి చేసిన ఉగ్రం రైఫిల్‌ను 2024 జనవరిలో ఆవిష్కరించారు. అయిదు వందల మీటర్ల దూరం, నాలుగు కిలోల లోపు బరువు, సిగ్ వాడే పొడవు తూటా. అది పోటీ పడాల్సింది ఏకేతో కాదు, సిగ్‌తో. మూడోసారి బయటి దేశానికి ఆర్డర్ పెట్టే ముందు దాన్ని మంచులోనూ ఇసుకలోనూ నిర్దాక్షిణ్యంగా పరీక్షించి, నెగ్గితే కొనాలి, లేకపోతే ఎందుకు నెగ్గలేదో తయారీదారుకు చెప్పాలి. సొంత ఊరిదని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, పరీక్ష పెట్టకుండా పక్కన పెట్టడం అంతకంటే ఇష్టం లేదు.

చివరగా, ఏ వస్తువుకైనా అడగాల్సిన ప్రశ్న, చెప్పిన సమయానికి ఇచ్చారా? ఇక్కడ మార్కులు తగ్గించక తప్పదు. కోర్వా కర్మాగారాన్ని 2019 మార్చిలో ఆర్భాటంగా ప్రారంభించారు. ధర మీద బేరాలు సాగి సాగి ఒప్పందం కుదరడానికే రెండేళ్ల తొమ్మిది నెలలు పట్టింది. 2024 జులై నాటికి 35,000, 2025 మధ్యకు 48,000 రైఫిళ్లు సైన్యానికి చేరాయి. విడిభాగాలను దిగుమతి చేసుకునే దశ దాటి, దేశంలోనే తయారైనదానికి షేర్ అని పేరు పెట్టుకుని, 2030 చివరికల్లా మొత్తం అప్పగిస్తామని సంస్థ అంటోంది. 2023 జనవరిలో శిక్షణకు వచ్చిన మొదటి జట్టు అగ్నివీరులకు నాలుగేళ్లు నిండేది 2027 మొదట్లో. ఆ జట్టులో నలుగురిలో ముగ్గురు, సగం రైఫిళ్లైనా సైన్యానికి చేరకముందే, సామాను అప్పగించి ఇంటికి వెళ్లే బస్సు ఎక్కుతారు.