బస్సుల రోడ్డు మీద సైకిల్ అద్దం: బరంపురంలో ఏళ్ల తరబడి వాడాక

ఒడిశాలోని బరంపురంలో సైకిల్‌కీ బస్సుకీ పడే తగాదా ఎక్కువగా ఆగిన బస్సు దగ్గరే మొదలవుతుంది. బస్సు సైకిల్‌ని దాటి కొంచెం ముందుకెళ్లి జనం కోసం ఆగుతుంది. సైకిల్ దాన్ని దాటుతుంది. కాసేపటికి అదే బస్సు మళ్లీ వెనక నుంచి హారన్ కొడుతూ వస్తుంది. అడుగడుగునా ఆగే ఊరి రోడ్డులో ఇద్దరి సగటు వేగమూ ఇంచుమించు ఒకటే కాబట్టి పాత బస్టాండు దగ్గర మొదలైన ఈ దోబూచులాట హల్దియాపదర్ కొత్త బస్టాండు దాకా సాగుతుంది. డ్రైవరుకి టైమింగ్ తప్పుతుందని కంగారు, వెనక బస్సు వచ్చి తన జనాన్ని ఎక్కించుకుపోతుందని భయం. సైకిల్ మీద ఉన్నవాడికి వెనక ఏం వస్తోందో తెలియని భయం. ఈ రెండో భయానికి పనికొచ్చే వస్తువు కుడి హ్యాండిల్ చివర బిగించే చిన్న అద్దం. హెల్మెట్ కన్నా, లైటు కన్నా ముందు కొనాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

మన బళ్లు ఎడమ పక్కన నడుస్తాయి, దాటేవి కుడి నుంచి వస్తాయి. కాబట్టి అద్దం కుడివైపు ఒక్కటి చాలు. బజార్లో దొరికేవి మూడు రకాలు. హ్యాండిల్ గొట్టం లోపలికి దూరి బిగుసుకునేది ఒకటి. మోటార్ సైకిల్ అద్దంలా కమ్మీతో, క్లాంపుతో పైకి నిలబడేది రెండోది. మణికట్టుకి పట్టీతో కట్టుకునేది మూడోది. ఈ మూడోది చెయ్యి కదిలినప్పుడల్లా ఆకాశాన్నో, మోకాలినో చూపిస్తుంది, బస్సుని చూపించాల్సినప్పుడు చూపించదు. దాని మీద డబ్బు పెట్టకండి.

గొట్టంలోకి దూరేది బాగా నిలుస్తుంది. హ్యాండిల్ బయటి వ్యాసం మామూలుగా 22.2 మిల్లీమీటర్లు. పాత నల్ల రోడ్‌స్టర్ సైకిల్‌కీ, కొత్త గేరు సైకిల్‌కీ ఇదే కొలత. లోపలి వ్యాసం మాత్రం గొట్టం మందాన్ని బట్టి మారుతుంది, ఇనుప గొట్టానికి ఒకలా, అల్యూమినియం గొట్టానికి ఒకలా ఉంటుంది. అందుకే కొనేముందు గ్రిప్ తీసి లోపలి కొలత చూసుకోండి. గ్రిప్ చివర మూసి ఉంటే కొత్త బ్లేడుతో గొట్టం లోపలి కన్నమంత గుండ్రంగా కోయాలి. ఎక్కువ కోస్తే గ్రిప్ జారిపోతుంది. ప్లగ్గుని, అంటే అద్దానికి ఉండే గొట్టంలోకి దూరే రబ్బరు ముక్కని, పూర్తిగా లోపలికి తోసి, ఎల్లెన్ కీతో (ఆరు పలకల తాళంతో) చేతికి గట్టిగా తగిలేదాకా తిప్పి, మరో పావు చుట్టు బిగిస్తే సరి. అంతకన్నా బిగిస్తే రబ్బరు చీలుతుంది, మళ్లీ ఎంత తిప్పినా పట్టు రాదు.

ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, రోజూ కూర్చునే తీరులో కూర్చుని అద్దం సరిచేసుకోవాలి. దిగి స్టాండు వేసి సరిచేస్తే లాభం లేదు, కూర్చున్నాక తల ఎత్తు మారిపోతుంది. అద్దం లోపలి అంచున మన మోచెయ్యి కొంచెం కనిపించాలి, ఆకాశం పై మూడో వంతుకి మించకూడదు. మిగతాదంతా రోడ్డే ఉండాలి. 5 సెంటీమీటర్ల అద్దం చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ గతుకుల్లో అందులో ఏదీ నిలవదు. 7 లేదా 8 సెంటీమీటర్లది తీసుకోండి, అదీ మధ్యలో బయటికి ఉబ్బి ఉండే ఉబ్బు అద్దమే. చదును అద్దం దూరాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది కానీ చెయ్యిచాపు దూరంలో అంత చిన్న చదును అద్దంలో రోడ్డు ఒక చీలికలా తప్ప కనిపించదు.

ఉబ్బు అద్దంతో చిక్కు ఏమిటంటే బస్సు ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది. దీనికి కన్ను అలవాటు పడాలి. ఒక లెక్క గుర్తుంచుకుంటే పని సులువు. బస్సు గంటకి 40 కిలోమీటర్లతో, మనం 15తో వెళుతుంటే ఇద్దరికీ తేడా 25, అంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. వెనక 50 మీటర్ల దూరంలో ఉన్న బస్సు 7 సెకన్లలో మన పక్కన ఉంటుంది. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరాన్ని అడుగులతో కొలిచి పెట్టుకోండి. బస్సు ఏ స్తంభం దగ్గర ఉన్నప్పుడు అద్దంలో ఎంత కనిపిస్తోందో కొన్నాళ్లు గమనిస్తే అంచనా దానంతటదే కుదురుతుంది.

ఇప్పుడు ఆగిన బస్సు సంగతి. ఎడమ సందులోంచి ఎప్పుడూ దూరకండి. తలుపు అటే ఉంటుంది, బస్సు పూర్తిగా ఆగకముందే జనం దూకుతారు, పైగా కిటికీ కిందున్న ఆ చోటు డ్రైవరుకి బొత్తిగా కనపడదు. కుడి నుంచి దాటాలంటే ముందు అద్దం, తర్వాత ఒక్కసారి భుజం మీదుగా తల తిప్పి చూపు, ఆ తర్వాతే పక్కకి జరగడం. అద్దం ఉంది కదా అని తల తిప్పడం మానేస్తే సరిగ్గా మన భుజం పక్కకి వచ్చిన మోటార్ సైకిల్ కనపడకుండా పోతుంది. దాటడం మొదలెట్టాక చూడాల్సింది బస్సు కుడి ముందు చక్రం. బస్సు ఒళ్లు కదలకముందే ఆ చక్రం తిరుగుతుంది. బ్రేకు పెడల్ వదిలినప్పుడు గాలి బయటికి పోయే పుస్‌మన్న చప్పుడు వినిపించినా, కండక్టర్ బస్సు రేకు మీద చేత్తో బాదినా బస్సు బయల్దేరబోతోందని అర్థం. ఇండికేటర్ వేస్తాడని ఎదురుచూడకండి, చాలామంది కదిలాకే వేస్తారు. అనుమానం ఉంటే వెనకే రెండు సైకిళ్ల దూరంలో, డ్రైవరు కుడి అద్దంలో మన ముఖం కనపడేలా ఆగండి. ఆయన ముఖం మనకి కనపడకపోతే మనం కూడా ఆయనకి కనపడనట్టే. చెయ్యెత్తి "భాయినా (ఒడియాలో అన్నా), ఆగు" అంటే చాలామంది ఆగుతారు. తిట్టుతో మొదలెడితే ఎవరూ ఆగరు.

మలుపు దగ్గర మాత్రం అద్దం అక్కరకి రాదు. 12 మీటర్ల బస్సు ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఇరుకు మలుపులో ఈ తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. సైకిల్ నిలబడే చోటు సరిగ్గా అదే. టాటా బెంజ్ స్క్వేర్ లాంటి కూడలిలో బస్సు కుడికి కొంచెం జరిగితే అది కుడికే పోతుందని అనుకోకండి, ఎడమకి తిరగడానికి చోటు తీసుకుంటూ ఉండొచ్చు. వెనక ఉండటమే మందు.

రోడ్డు అంచు నుంచి ఒక మీటరు లోపలికి తొక్కండి. కాలువ అంచున ఇసుకలో తొక్కితే బస్సు వచ్చినప్పుడు తప్పుకోవడానికి చోటే ఉండదు, మనం చోటిచ్చామనుకుని డ్రైవరు ఇంకా దగ్గరగా దాటుతాడు. అద్దంలో బస్సు కనపడగానే హారన్ కోసం చూడకుండా, మెల్లగా అరమీటరు ఎడమకి జరిగితే ఆ జరగడం డ్రైవరుకి కనపడుతుంది. అద్దం వల్ల నాకు కనిపించిన పెద్ద లాభం ఇదే: హారన్లు సగానికి సగం తగ్గాయి. రకరకాల స్వరాల హారన్‌లని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన నిషేధించినా మన రోడ్డు మీద వాటి మోత ఆగలేదు. ఆ మోతకి ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పేస్తేనే ప్రమాదం. ముందే చూసినవాడు ఉలిక్కిపడడు.

పాడైపోయే తీరు. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పు గాలికి ముందు పోయేది స్క్రూ. ప్లాస్టిక్ ఎప్పటిలాగే ఉంటుంది, ఇనుప స్క్రూ మాత్రం తుప్పు పట్టి తలకాయ అరిగి తిరగదు. కొన్న రోజే తుప్పు పట్టని స్టీలు స్క్రూ వేయించి గ్రీజు రాయండి. అద్దాన్ని అటూ ఇటూ తిప్పే గుండు కీలు వదులైతే పాత ట్యూబు ముక్క ఒక పొర చుట్టి బిగిస్తే మళ్లీ నిలుస్తుంది. మే ఎండకి ప్లగ్గు రబ్బరు గట్టిపడి, తొలకరి వానలకి జారడం మొదలెడుతుంది, అందుకని ఏటా జూన్ ముందర ఒకసారి తీసి చూడాలి. యాక్రిలిక్ అద్దాన్ని దుమ్ముతో తుడిస్తే గీతలు పడతాయి, నీళ్లు పోశాకే తుడవాలి. సైకిల్ స్టాండులో పక్క సైకిల్ తగిలి విరిగేవే ఎక్కువ, నిలిపేటప్పుడు లోపలికి మడిచేయండి.

రాత్రికి అద్దం ఒక్కటీ చాలదు. వెనక ఎర్ర లైటు ఆగకుండా వెలిగేలా పెట్టండి, మిణుకుమిణుకు లైటు చూసి దూరం అంచనా కట్టడం కష్టం. లైటు నేల వైపు వంగి ఉంటే ఎత్తులో కూర్చున్న బస్సు డ్రైవరుకి మసగ్గా కనిపిస్తుంది, నేలకి సమంగా ఉండాలి. పెడళ్ల పసుపు రిఫ్లెక్టర్లు పోతే వెంటనే వేయించండి. పైకీ కిందకీ కదిలే ఆ రెండు చుక్కలే అది సైకిల్ అని దూరం నుంచి చెబుతాయి.

పాల క్యాన్లు, బట్టల మూటలు, అప్పడాల బుట్టలు మోసేవాళ్లకి గొట్టంలోకి దూరే అద్దం పనికిరాదు. క్యారియర్ మీద సరుకు హ్యాండిల్ కన్నా వెడల్పుగా ఉంటే అద్దంలో క్యానే కనిపిస్తుంది. వాళ్లు క్లాంపు రకమే తీసుకోవాలి, కమ్మీ సరుకు అంచుకన్నా నాలుగు వేళ్లు బయటికి రావాలి. కమ్మీ పొడుగయ్యేకొద్దీ అదురు పెరుగుతుంది కాబట్టి సన్న తీగ కాకుండా 8 మిల్లీమీటర్ల కమ్మీ ఉన్నది అడగండి, క్లాంపు కింద రబ్బరు పట్టీ వేయించండి. సరుకు దింపేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కమ్మీని లోపలికి తిప్పాలి, లేకపోతే సందుల్లో మొదట తగిలేది అదే.