మహారాణిపేటలో ఎముకల స్కాన్: ఇద్దరం తీయించుకున్నాం

మా ఆయన బాత్రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు కట్టిన డాక్టరుగారు ఇద్దరికీ డెక్సా స్కాన్ రాశారు, ఎముకల గట్టిదనం కొలిచే ఎక్స్‌రే లాంటిది. "అది ఆడవాళ్ళకి కదండీ" అన్నారు ఈయన. "మీరు రోజూ తాగుతున్నారుగా, అందుకే" అన్నారు డాక్టరుగారు.

గాజువాక నుంచి వెళ్ళాం. సెంటర్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వచ్చే చోట ఇది చాలా తప్పు. పదిన్నరకి రమ్మని పన్నెండింటికి పిలిచారు.

స్కాన్ తీసే అమ్మాయి మాత్రం బంగారం. ఈయన మొలతాడుకి వెండి తాయెత్తు ఉంది. నడుము దగ్గర లోహం ఉంటే లెక్క తప్పుతుందట. "కొయ్యక్కర్లేదు బాబాయ్‌గారూ" అంటూ తనే మెల్లగా ఛాతీ దాకా జరిపింది. వెన్నుకి కాళ్ళ కింద స్పాంజి దిమ్మ పెట్టింది, తుంటికి పాదం లోపలికి తిప్పి పట్టీ వేసింది. అంతే, నొప్పేమీ లేదు.

టి-స్కోరు అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకతో పోల్చి మనది ఎంత తగ్గిందో చెప్పే లెక్క. నా వెన్నుది మైనస్ 2.8, ఆయన తుంటిది మైనస్ 2.1. మైనస్ 2.5కి దిగితే ఎముక గుల్లబారినట్టే. రిపోర్టు చేతిలో పెట్టి పంపేయబోయారు. నేను కదల్లేదు. అప్పుడు రేడియాలజిస్టుగారు కూర్చోబెట్టి చెప్పారు.

ఒంట్లో పాత ఎముకను కరిగించే కణాలుంటాయి, కొత్తది కట్టేవీ ఉంటాయి. కరిగించేవాటికి పగ్గం ఈస్ట్రోజెన్, ఆడవాళ్ళకి ముఖ్యంగా అండాశయాల్లో తయారయ్యే హార్మోను. నాకు 38వ ఏట గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేశారు. ఆ పగ్గం ఆరోజే తెగింది. ఎముకల సంగతి అప్పుడు ఒక్కరూ చెప్పలేదు, 14 ఏళ్ళు గడిచిపోయాయి. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు.

అతిగా తాగితే కట్టే కణాలు మందగిస్తాయట. మగవాళ్ళ ఎముకలకీ ఈస్ట్రోజెన్ కావాలట, అది మగ హార్మోను టెస్టోస్టిరాన్ నుంచే తయారవుతుంది, తాగుడు దాన్నీ తగ్గిస్తుంది. రోజుకి మూడు చిన్న పెగ్గులు, అంటే 90 ఎం.ఎల్. నుంచే ఎముక విరిగే రిస్కు లెక్కలోకి వస్తుందన్నారు. ఈయనది రోజూ క్వార్టర్, అంటే 180 ఎం.ఎల్. కట్టు లేని చేతి వేళ్ళ మీద ఆయన ఆరు దాకా లెక్కపెట్టుకోవడం చూశాను.

వెళ్ళేవాళ్ళు ముందురోజు నుంచే కాల్షియం మాత్ర ఆపండి. రిపోర్టు వివరించమని గట్టిగా అడగండి. తేడా సరిగ్గా తెలియాలంటే మళ్ళీసారి కూడా ఇదే మిషన్ మీద తీయించుకోమన్నారు. మెట్లున్నా మేం ఇక్కడికే వస్తాం.