ఈమాక్స్‌లో ఆర్‌ఎక్స్: ఏడేళ్లు వాడాక

పాత తెలుగు పుస్తకాల స్కాన్లను ఓసీఆర్‌తో టెక్స్టుగా మారిస్తే వచ్చే తప్పుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది సున్న. అక్షరం పక్కన వచ్చే 'ం', తెలుగు అంకె '౦' కంటికి ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేర్వేరు. 'పండుగ'లో అంకె పడితే చదివేవారికి తేడా తెలియదు, వెతికేవారికి ఆ మాట దొరకదు. వందల పేజీల్లో ఇలాంటివి పట్టుకోవడానికి ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో రెగెక్స్‌లు, అంటే ఎలాంటి అక్షరాల వరుసను వెతకాలో చెప్పే నమూనాలు, రాసుకునేవాణ్ణి.

ఈమాక్స్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష ఈమాక్స్ లిస్ప్‌లో ఆ రాత కష్టం. గుంపు కట్టే బ్రాకెట్టు ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి, స్ట్రింగులో (కోట్స్ మధ్య ఉండే అక్షరాల వరుసలో) రాస్తున్నాం కాబట్టి దాన్ని రెండుసార్లు కొట్టాలి. టెక్స్టులో ఉన్న ఒక్క బ్యాక్‌స్లాష్‌ను వెతకాలంటే నాలుగు కావాలి. తెలుగుకు ఇంకో తిప్పలు కూడా ఉంది. చదరపు బ్రాకెట్టు పక్కన గుణింతపు గుర్తు రాస్తే అది బ్రాకెట్టుకే అతుక్కుంటుంది, లేదా చుక్కల వలయంతో తేలుతుంది. నెల తర్వాత తెరిస్తే ఏది ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

రెగెక్స్‌లు రాయడానికి ఈమాక్స్‌లోనే ఉన్న మరో పద్ధతి ఆర్‌ఎక్స్. అందులో అదే రెగెక్స్‌ను కుండలీకరణాల మధ్య మాటలతో రాస్తాం: వన్-ఆర్-మోర్ (ఒకటి లేదా ఎక్కువ), ఆర్ (ఇది లేదా అది), లైన్-స్టార్ట్ (వరుస మొదలు) అని. చివరికి అది మామూలు రెగెక్స్‌గానే మారుతుంది కాబట్టి వేగం తగ్గదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆర్‌ఎక్స్-డిఫైన్. మనకు కావలసిన ముక్కకు మనమే పేరు పెట్టుకోవచ్చు, ఆ పేరు తెలుగులోనే ఉండొచ్చు. 'తెలుగక్షరం', 'గుణింతం', 'పొల్లు', 'అంకెసున్న' అని పెట్టుకున్నాను. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపే జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే యూనికోడ్ గుర్తు అసలు కంటికే కనబడదు. దానికి 'కనబడనిగుర్తు' అని పేరు పెట్టాక ఎక్కడ వెతుకుతున్నానో చదివితే తెలుస్తోంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఆర్‌ఎక్స్‌ను వదలను.

కానీ చదవడానికి వీలైన రాత ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. నేను మొదలుపెట్టినప్పుడు వివరణంతా ఈమాక్స్‌లో సహాయం కోసం కంట్రోల్-హెచ్-ఎఫ్ కొడితే వచ్చే ఒకే ఒక్క పొడుగాటి పాఠంలో ఉండేది. 2020 ఆగస్టులో వచ్చిన ఈమాక్స్ 27.1 వెర్షన్‌తో ఈమాక్స్ లిస్ప్ మాన్యువల్‌లో ఆర్‌ఎక్స్‌కు సొంత విభాగం దొరికింది. అందులో సీ భాష కామెంట్‌ను పట్టుకునే ఉదాహరణ ఒకటుంది: ముందు పాత రెగెక్స్, కింద అదే ఆర్‌ఎక్స్‌లో, పక్కన ఏ ముక్క దేనికో చిన్న వ్యాఖ్యలు. అది చదివిన రోజే నాకు ఆర్‌ఎక్స్ నిజంగా అర్థమైంది. వేరియబుల్ పేరు నేరుగా రాస్తే దాని విలువ ఎందుకు రాదో, 'లిటరల్' ఎందుకు వాడాలో కూడా అక్కడే తెలిసింది.

మిగతా విభాగం మాత్రం తెలిసినవాళ్లు గుర్తు చేసుకోవడానికి బాగుంటుంది, కొత్తవాళ్లను చేయి పట్టి నడిపించదు. 'ఆర్' సంగతే చూడండి. లోపలున్నవన్నీ మామూలు స్ట్రింగులైతే వీలైనంత పొడవైనదాన్ని పట్టుకుంటుంది. వాటి మధ్య వేరే రకం ముక్క ఒక్కటి చేరితే ఆ హామీ ఉండదు. 'తెలుగు', 'తెలుగువారు' రెండూ రాసి, తర్వాత గుణింతం ముక్క ఒకటి కలిపేసరికి ఫలితం మారి ఒక సాయంత్రమంతా పోయింది. మాన్యువల్‌లో ఆ మాట ఉంది, పక్కన ఒక్క ఉదాహరణ ఉంటే చాలు.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. 'అ' నుంచి 'హ' వరకు అని రాసి తెలుగంతా వచ్చేసిందనుకున్నాను. గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో 'హ' తర్వాత ఉంటాయి. దాంతో ప్రతి మాటా గుణింతం దగ్గర తెగిపోయింది. ఆర్‌ఎక్స్‌లో అంకెను పట్టుకునే 'డిజిట్' కూడా అంతే. అది 0 నుంచి 9 వరకే, మన ౦–౯ అందులో లేవు.

ఈ పనిలో సాయానికి వచ్చిన మా చెల్లెలి కొడుకు కోసం తెలుగులో ఒక పేజీ రాసిచ్చాను. అది చదివి, "మావయ్యా, ఇది దేన్ని పట్టుకుంటుందో రాశావు, దేన్ని పట్టుకోదో రాయలేదేం?" అన్నాడు. ఆ ప్రశ్నతో పేజీ మొత్తం తిరగరాశాను. ఇప్పుడు ప్రతి పేరు కిందా పట్టుకునే మాటలు రెండు, పట్టుకోని మాటలు రెండు, చూడ్డానికి ఒకేలా ఉండి మోసం చేసేది ఒకటి ఉంటాయి. 'అంకెసున్న' కింద '౧౦౦' కూడా రాశాను. అక్కడ అది తప్పు కాదు, ముట్టుకోకూడదు. వాడు అడిగే ప్రశ్నలు సగానికి సగం తగ్గాయి.

ఆర్‌ఎక్స్‌లో నాకు మిగిలిన కొరత కూడా ఇక్కడే ఉంది. ఫంక్షన్‌కు వివరణ జతచేసినట్టు ఆర్‌ఎక్స్-డిఫైన్‌తో పెట్టిన పేరుకు జతచేసే చోటు లేదు. పైన కామెంట్ రాసుకుని సరిపెట్టుకోవాలి. పేర్లు నలభై దాటాక ఏది దేనికో చూడాలంటే ఫైలు తెరవక తప్పడం లేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు 27.1 కన్నా పాతది వాడకండి. పాత రెగెక్స్‌లు చేతిలో ఉంటే 'ఎక్స్‌ఆర్' అనే ప్యాకేజీ వాటిని ఆర్‌ఎక్స్‌లోకి మార్చి చూపిస్తుంది. రెగెక్స్‌లను పరీక్షించుకోవడానికి ఈమాక్స్‌లో ఉన్న రీ-బిల్డర్‌లో రాత పద్ధతిని ఆర్‌ఎక్స్‌కు మార్చుకుంటే, మీరు రాస్తుండగానే పేజీలో ఏది దొరికిందో రంగుతో కనిపిస్తుంది. 'ం', '౦' రెండూ ఉన్న పేజీ మీద ముందు అక్కడే ప్రయత్నించండి.