పోగతోట క్యాన్సర్ క్లినిక్: డాక్టరుకు ఐదు స్టార్లు, కౌంటరుకు రెండు

మాది కావలి. అక్కకు రొమ్ములో గడ్డ తీసిన ఆపరేషన్ వేరే చోట అయింది. అక్కడ రిపోర్టు కవర్లో పెట్టి చేతికిచ్చారే గానీ విడమరచి చెప్పినవాళ్లు లేరు. అందులో 'గ్రేడ్ 3' అని చూసి మా బావ మూడో స్టేజి అనుకుని అన్నం మానేశాడు. చుట్టాలు సరే, ఏకంగా పరామర్శలకే దిగారు. అందుకే నెల్లూరు పోగతోటలో ఈ క్లినిక్‌కి వచ్చాం.

డాక్టరమ్మ రిపోర్టు బావ దగ్గర తీసుకున్నా, మాట్లాడింది మాత్రం అక్కతోనే. "మైక్రోస్కోపులో కణాలు ఎలా ఉన్నాయో చెప్పేది గ్రేడు. జబ్బు ఒంట్లో ఎందాకా పాకిందో చెప్పేది స్టేజి. రెండూ వేరమ్మా" అన్నారు. గ్రేడుకి చూసేవి మూడు: కణాలు మామూలు రొమ్ములోలా గొట్టాల్లా అమరాయా, వాటి కేంద్రకాలు ఎంత తేడాగా ఉన్నాయి, ఎంత జోరుగా విడిపోతున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. అక్కకు 3, 3, 2 వచ్చాయి. మొత్తం 8 గానీ 9 గానీ అయితే గ్రేడ్ 3. చురుకైన రకం, వైద్యంలో తాత్సారం కుదరదు.

తర్వాత చీటీ వెనక్కి తిప్పి చంక బొమ్మ గీసి, 14 సున్నాలు చుట్టి, ఒక్కదాన్ని పెన్నుతో నల్లగా నింపారు. చంకలో తీసిన బిళ్లలు (లింఫు గ్రంథులు) 14, జబ్బు చేరింది ఒక్కదానికే. అది ఎన్1. గడ్డ 2.6 సెంటీమీటర్లు, 2 దాటి 5 లోపే కాబట్టి టీ2. స్కాన్‌లో వేరే అవయవాల్లో ఏమీ లేదు, ఎం0. మూడూ కలిపితే స్టేజి 2బి.

"అయితే మూడోది కాదంటారా మేడం?" అని బావ మళ్లీ అడిగాడు. ఆవిడ విసుక్కోలేదు. అలాగని గ్రేడును తీసి పక్కన పెట్టొద్దనీ చెప్పారు. 2018 నుంచి వాడుతున్న కొత్త పద్ధతిలో రొమ్ము క్యాన్సర్‌కు గ్రేడు, ఈఆర్, పీఆర్ (గడ్డ కణాలకు హార్మోన్లను పట్టుకునే గుణం ఉందా అని చూసేవి), హెర్2 (కణాల్ని పెంచే ఒక ప్రొటీన్) ఫలితాలు కూడా కలిపి స్టేజిని మళ్లీ లెక్కేస్తారట. ఫీజు 600. అంత ఓపిగ్గా చెప్పినందుకు అది ఏపాటి!

కౌంటరు సంగతే అధ్వానం. అక్కకు హెర్2 '2+' వచ్చింది, అవునని గానీ కాదని గానీ తేల్చలేని ఫలితం. దాన్ని తేల్చే ఫిష్ టెస్టు (హెర్2 జన్యువు ఎక్కువగా ఉందా అని చూసేది) కోసం బ్లాక్, అంటే మైనంలో పెట్టి దాచిన గడ్డ ముక్క, బయటికి పంపాలన్నారు. బ్లాక్ ఇచ్చి రసీదు అడిగితే అదోలా చూశారు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "ఇంకా రాలేదండి" తప్ప ఇంకో మాట లేదు. రిపోర్టు వచ్చి టేబుల్ మీదే ఉందని మేం వెళ్లి అడిగితే తెలిసింది. ఏందబ్బా ఇది! గ్రేడ్ 3 మనిషికి ఒక్కో రోజూ లెక్కే కదా. వెళ్లేవాళ్లు బ్లాక్ నంబరు రాయించుకోకుండా కౌంటరు వదలొద్దు. సోమవారం మాత్రం వెళ్లకండి, కూర్చోడానికి కుర్చీ కూడా దొరకదు.