షికాగో యూనివర్సిటీ డిగ్రీ: నాలుగేళ్లు అక్కడ చదివాక రాస్తున్న సమీక్ష

ర్యాంకింగు చూసి షికాగో యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టేవాళ్లు ముందుగా చూడాల్సింది అక్కడి క్యాలెండర్. సెమిస్టర్లుండవు, క్వార్టర్లుంటాయి. క్వార్టర్‌కి తొమ్మిది వారాల పాఠాలు, ఆ వెంటనే పరీక్షలు. మూడో నాలుగో కోర్సులు తీసుకోవాలి. మూడో వారానికే మొదటి మిడ్‌టర్మ్ వచ్చి కూర్చుంటుంది. జ్వరంతో ఒక్క వారం పడుకుంటే కోర్సులో తొమ్మిదో వంతు పోయినట్టే. అక్కడి స్నేహాలు, మాటలు, నిద్ర అన్నీ ఈ వేగాన్ని బట్టే ఉంటాయి. కాబట్టి పిల్లలకు తెలివి సరిపోతుందా అని బెంగపడక్కర్లేదు. వెనకబడ్డ రోజున నోరు తెరిచి అడుగుతారా, గదిలో దాక్కుంటారా అన్నది చూసుకోవాలి. దాక్కునేవాళ్లకు ఆ చోటు చాలా కష్టం.

డిగ్రీకి 42 కోర్సులు కావాలి. అందులో మూడో వంతు పైచిలుకు కోర్, అంటే ఏ సబ్జెక్టు వాళ్లయినా తప్పకుండా చదవాల్సినవి. లెక్కలు చదివేవాళ్లు కూడా తత్త్వశాస్త్రం చదవాలి, సాహిత్యం చదివేవాళ్లు కూడా సైన్స్ చేయాలి. హ్యుమానిటీస్ కోర్సుల వరసని హమ్ అంటారు, సోషల్ సైన్సెస్‌ని సోష్ అంటారు. సోష్ మూడు క్వార్టర్లు సాగుతుంది: ప్లేటో, ఆడమ్ స్మిత్, మార్క్స్, వెబర్ లాంటివాళ్లను వాళ్ల రాతల్లోనే చదవాలి. సెక్షన్‌కి ఇరవై మంది లోపు, అందరూ ఒక బల్ల చుట్టూ. నోరు విప్పడానికీ మార్కులుంటాయి.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. ఇంటర్ వరకు టాపర్‌గా వచ్చినవాళ్లు అధ్యాయం సారాంశం చక్కగా ఒప్పజెబుతారు. సారాంశం అందరూ చదివే వచ్చారు. రచయిత ఎక్కడ తడబడ్డాడు, ఏ పేజీలో తన మాటను తనే కాదన్నాడు అన్నది అక్కడ కావాలి. పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ప్రతి పాఠానికీ ఒప్పుకోలేని వాక్యం ఒకటి, అర్థం కాని చోటు ఒకటి పేజీ నంబర్లతో రాసుకుని వెళ్లాలి. మొదటి పది నిమిషాల్లోనే మాట్లాడాలి, ఆ తర్వాత చర్చ మనం సిద్ధపడిన చోటు దాటి వెళ్లిపోతుంది. వ్యాసం విషయంలోనూ అంతే. పూర్తయ్యాక చూపిస్తే లాభం తక్కువ. మొదటి పేరా ఒక్కటి పట్టుకుని ఆఫీస్ అవర్స్‌కి (అధ్యాపకులు విద్యార్థుల కోసం కేటాయించే వేళలకి) వెళితే, వాదన దారి తప్పిందా లేదా అప్పుడే తెలిసిపోతుంది. ఈ కోర్ కోర్సులను పాస్/ఫెయిల్‌గా, అంటే గ్రేడు లేకుండా, తీసుకోవడం కుదరదు.

'వినోదం చచ్చిపోయే చోటు' అని అక్కడి విద్యార్థులే టీషర్టుల మీద రాసుకున్నారు. దాన్ని పట్టుకుని అక్కడ స్నేహాలుండవనుకోవడం పొరపాటు. మొహమాటస్థులకు ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకడం కష్టమని నా అభిప్రాయం. మొదటి రెండేళ్లు క్యాంపస్ హాస్టల్లోనే ఉండాలి, ప్రతి హాస్టల్‌నీ హౌసులుగా విడగొడతారు, డైనింగ్ హాల్లో ప్రతి హౌస్‌కీ తన బల్ల ఉంటుంది. ఎవరినీ పిలవనక్కర్లేదు. రోజూ ఒకే వేళకు ఆ బల్ల దగ్గరికి వెళితే చాలు, నెల తిరిగేసరికి మనవాళ్లు ఏర్పడతారు. క్లాసులో తేలని వాదన అన్నాల దగ్గర మళ్లీ మొదలవుతుంది.

చిక్కు మూడో ఏడాదిలో వస్తుంది. చాలామంది బయట అపార్ట్‌మెంట్లకు మారతారు, బల్ల దూరమవుతుంది. అందుకే రెండో ఏడాది అయ్యేలోపు వారం వారం కలిసే గుంపు ఒకటి చూసుకోవాలి. డాక్ ఫిల్మ్స్ మంచి చోటు: విద్యార్థులే నడిపే పాత ఫిల్మ్ సొసైటీ, ఐడా నోయెస్ హాల్లో సొంత థియేటర్ ఉంది, వాలంటీర్లు ఎప్పుడూ కావాలి. మేలో స్కావ్ జరుగుతుంది. 1987లో మొదలైన ఈ పోటీలో వందల వింత వస్తువుల జాబితా ఇచ్చి సంపాదించమంటారు. 1999లో ఒక జట్టు చిన్న బ్రీడర్ రియాక్టర్ (ఒక రకం అణు రియాక్టర్) కట్టి చూపించింది. ఆ ఊరి పిల్లల సరదా ఎలాంటిదో దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

శీతాకాలం క్వార్టర్ గురించి మెత్తగా చెప్పడం తప్పవుతుంది. జనవరి మొదట్లో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, సరస్సు మీది గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఎక్కువమంది నీరసపడేది అప్పుడే. ఆ క్వార్టర్లో మూడు కోర్సులు చాలు. ప్రాబ్లమ్ సెట్లు (ఇంటి దగ్గర చేసి తెచ్చే లెక్కలు) ఇచ్చేవి రెండుకు మించొద్దు. జనవరిలో కూవియా అని ఒక వారం పాటు తెల్లవారుజామున ఆరింటికి వ్యాయామం పెడతారు. పిచ్చిగా అనిపించినా వెళ్లండి, ఆ చీకట్లో లేచి వచ్చిన మరికొన్ని ముఖాలు కనిపించడమే పెద్ద ధైర్యం.

అందరూ జ్ఞానం కోసమే చదువుతారన్న పేరు సగమే నిజం. ఎక్కువమంది తీసుకునే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎకనామిక్స్. రెండో ఏడాది వచ్చేసరికి బల్ల దగ్గర మార్క్స్ పక్కకు పోయి ఫైనాన్స్, కన్సల్టింగ్ ఇంటర్వ్యూల మాటలు వినబడతాయి. ఈ రెండు లోకాల మధ్య అటూ ఇటూ తిరగగలిగినవాళ్లు హాయిగా ఉంటారు. ఇంకో సంగతి, 1967 నాటి కాల్వెన్ నివేదిక ప్రకారం రాజకీయ వివాదాల్లో యూనివర్సిటీ తానుగా పక్షం తీసుకోదు. విద్యార్థులు, అధ్యాపకులు ఎంతైనా వాదించుకోవచ్చు. తమ పక్షాన సంస్థే నిలబడి మాట్లాడాలని కోరుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

చూడ్డానికి వెళ్లేట్టయితే ఏప్రిల్లో కొత్తవాళ్లకు స్వాగతం పలికే రోజుల్లో కాదు, ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. అనుమతి అడిగి ఒక సోష్ క్లాసులో కూర్చోండి. సాయంత్రం రెగెన్‌స్టైన్ లైబ్రరీలో నేల కింద ఉన్న ఏ-లెవెల్ అంతస్తు చూడండి, గుంపులుగా చదువుకునేది అక్కడే. వెళ్లడం కుదరకపోతే దరఖాస్తులోని వింత వ్యాస ప్రశ్నల్లో ఒకటి తీసుకుని రెండు రోజులు దాంతో గడపండి. అది శిక్షలా తోస్తే హమ్ కూడా అలాగే తోస్తుంది, అక్కడ అలాంటి రాత క్వార్టర్ పొడుగునా ఉంటుంది.